గీత లేని నట్టు

“మీ అన్నయ్యకి ఫోను కలపండమ్మా, ఆయనతో మాట్లాడితే రెండు ముక్కల్లో తేలిపోతుంది,” అని మళ్ళీ అదే మాట అనేసి ఫిట్టింగుల షాపాయన నిచ్చెనెక్కి అటక మీదికి వెళ్ళిపోయాడు. ఇప్పుడు ఆయన కాళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి, అందులో ఒక మేజోడు మడమ దగ్గర చిరిగి ఉంది. రెండు ముక్కల్లో తేలిపోతుందట. అన్నయ్యకి ఏం తెలుసని తేలుతుంది? ఇంజను విప్పమంటే విప్పుతాడు, కూర్చమంటే కూరుస్తాడు, అందులో వాడి చెయ్యి చెయ్యే, కాదనడానికి లేదు. కానీ ఆయిలు గొట్టాలూ వాటి కొసలూ వాటి నట్లూ ఏనాడైనా వాడు పట్టించుకున్నాడా, నాన్న రిపేరు షెడ్డుకి వచ్చిన ప్రతి ముసలి కారుకీ గొట్టాలు కోసిందెవరు, తొడిగిందెవరు, బిగించిందెవరు? ఎత్తు స్టూలు మీద కూర్చుని ఆమె ఒళ్ళోని సంచీని రెండు చేతులా నొక్కి పట్టుకుంది. లేకపోతే ఆ చేతులు ఏం చేస్తాయో ఆమెకే నమ్మకం లేదు. ఎదురుగా గాజు బల్ల, దాని కింద అరల్లో ఫిట్టింగులు, ఇత్తడివి, ఉక్కువి, నీలం పూత పూసినవి, తిన్ననివి, మెడ వంచినవి. తెలియనివాళ్ళకి అన్నీ ఒకటే, ఒక కడుపున పుట్టినవాళ్ళలాగే కనిపిస్తాయి. పైన ఫ్యాను తిరుగుతోంది, గాలి మాత్రం ఆయన కుర్చీకే తగులుతోంది. అటక మీద ఏదో పెట్టె ఈడుస్తున్న చప్పుడు, ఆ వెంటనే తుమ్ము.

పొద్దున అన్నయ్య చేతులు గుడ్డకి తుడుచుకుంటూ, మొహం కూడా ఇటు తిప్పకుండా చెప్పాడు, “బల్ల కింద రేకు డబ్బాలో పాత ఫిట్టింగుంది, కాగితంలో చుట్టి పెట్టా. అది చూపించి అచ్చం అలాంటివే రెండు పట్టుకురా. ఇత్తడివని షాపాయనకి చెప్పాన్లే. నీ తెలివితేటలేం వాడకు.” నీ తెలివితేటలేం వాడకు! ఆ మాట దారి పొడుగునా బస్సులో ఆమె పక్క సీట్లో కూర్చుని వచ్చింది. నాన్న అక్కడే ఉన్నాడు, కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని, ఎడమ వైపు చొక్కా చేతిని మణికట్టు దాకా దించుకుని, ఏదో స్క్రూని వేళ్ళ మధ్య తిప్పుతూ. విన్నాడు. వినీ నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నాడు. ఒకప్పుడైతే, ఒరేయ్ గొట్టాల సంగతి దాన్నే అడుగు అనేవాడు. వచ్చిన ప్రతివాడికీ చెప్పేవాడు కూడా, ఇంజను మావాడిది, నరాలు మా అమ్మాయివి అని. నరాలట. ఎంత మురిసిపోయేది ఆ మాటకి, పిచ్చిమొహం.

కారు నాన్నది. గుండ్రటి దీపాలు, ఉబ్బిన బుగ్గల్లాంటి రెక్కలు, నడిపితే నాన్నే నడపాలి, ఇంకెవరికీ తాళం ఇవ్వడు. దాని సొంత ఇంజను అరిగి అరిగి ఇక లాభం లేదని చేతులెత్తేశాక, తుక్కులోకి పోతున్న ఒక వ్యానులోంచి అన్నయ్య పెద్ద ఇంజను దించుకొచ్చాడు. పెద్ద ఇంజనంటే పెద్ద వేడి. ఆయిలు కాగిపోతుంది, కాగితే పలచబడుతుంది, పలచబడితే లోపల ఇనుమూ ఇనుమూ రాసుకుని చస్తాయి. అందుకని ఆ ఆయిలుని ముందువైపుకి తీసుకొచ్చి, చిన్న రేడియేటరు లాంటి కూలర్‌లోంచి పోనిచ్చి, చల్లబరిచి వెనక్కి పంపాలి. పోవడానికో గొట్టం, రావడానికో గొట్టం, కొసకో నట్టు. అంతే. చెప్పడానికి అంతే, కానీ ఆ నాలుగు నట్లలో ఏది ఊడినా కాగిన ఆయిలు ఎక్కడ పడుతుందో ఆలోచించు అని ఆమెకి నేర్పింది నాన్నే. ఆలోచించింది. ఇంజను ఎక్కించిన రోజు ఉక్కు తీగల అల్లిక గొట్టాలు కొలిచి కోసింది, ఉక్కు ఫిట్టింగులు ఏరి పెట్టింది, ప్రతి నట్టునీ బిగించి స్పానరుతో ఆఖరి నొక్కు నొక్కింది. నొక్కిందా? ఇదే కదా ఇన్ని నెలలుగా ఆమె బుర్ర తిన్నది. నొక్కానా, ఆ ఒక్కటీ నొక్కలేదా, చేత్తో తిప్పి తర్వాత చూద్దాంలే అనుకున్నానా, మధ్యలో ఎవరైనా పిలిచారా?

పిలిచారు మరి. ఆయిలు డబ్బా తక్కువైందని ఆమెని కొట్టుకి పంపారు. తిరిగొచ్చేసరికి కారు ముందు జాలీ బిగించేసి ఉంది, నాన్న స్టీరింగు దగ్గర కూర్చుని పెళ్ళికొడుకులా నవ్వుతున్నాడు, అన్నయ్య ఈల వేస్తున్నాడు. ఎక్కించుకోలేదు ఆమెని. వెనక సీటు ఇంకా బిగించలేదు కదా అన్నారు. ఆ తర్వాత సంగతి ఆమె చూసింది కాదు, విన్నది. ఎత్తు రోడ్డు ఎక్కుతుండగా కూలర్ దగ్గర గొట్టం ఊడింది. కాగిన ఆయిలు పొగగొట్టం మీద పడి భగ్గున మండింది, నాన్న తలుపు తోసుకుని దూకుతూ ఎడమ చెయ్యి బానెట్టు సందులోంచి వచ్చిన మంటకి ఇచ్చేశాడు. దారినపోయే లారీవాళ్ళు ఇసక పోశారు కాబట్టి సరిపోయింది. ఆసుపత్రి వరండాలో అందరూ ఉండగా అన్నయ్య అన్నాడు, “కూలర్ దగ్గర నట్టు చేత్తో తిప్పి వదిలేసింది. స్పానరు పెట్టడం మర్చిపోయింది. పోన్లే పాపం, ఎవరికైనా జరుగుతుంది.” పోన్లే పాపం! అందరూ ఆమె వంక చూశారు. నాన్న ఆ వరండాలోనే వేసిన మంచం మీంచి చూశాడు. ఆ మర్నాటి నుంచి ఎవరూ పొమ్మనలేదు, ఎవరూ వద్దనలేదు, స్పానర్ల పెట్టె మాత్రం అన్నయ్య బల్ల కిందికి జరిగింది, ఆమె బల్ల మీదికి ఫోను వచ్చింది. ఫోనెత్తడం, సామాను తేవడం, కుక్కిన పేనులా పడి ఉండడం.

పైనుంచి షాపాయన అరిచాడు, “ఇత్తడివే కదమ్మా? పాత స్టాకు, వెతకాలి. మీరు తెచ్చిన ముక్క ఓసారి బల్ల మీద పెట్టండి, దిగాక చూస్తా.” పెడతాను, మహారాజులా దిగి చూడు. ఆమె సంచీలోంచి కాగితం పొట్లం తీసింది. దాని మీద అన్నయ్య వేళ్ళ మసి ముద్రలు. విప్పబోయి ఆగింది. ఈ ముక్కని ఆమె ఇంతవరకూ చూడలేదు, చూపించమని అడిగే మొహం కూడా ఆమెకి లేకపోయింది. కారు మీద గుడ్డ కప్పేశారు, కాలిన గొట్టం తీసి అన్నయ్య ఎక్కడో దాచాడు, దాన్ని చూస్తే నువ్వు బాధపడతావు అన్నాడు. ఎంత దయ! బాధపడదాం, దానికేముంది, ఇన్నాళ్ళూ చేసిన పనే కదా అనుకుని పొట్లం విప్పింది.

నట్టు నల్లగా ఉంది, మసి పట్టి, ఆయిలు గడ్డకట్టి. తల వంచి ముందు చూసింది గీత కోసమే. వేళ్ళకున్న అలవాటు అది, కళ్ళకన్నా ముందు బొటనవేలు నట్టు పక్క మీద తడిమింది. బిగించిన ప్రతి నట్టు మీదా ఆమె ఒక ఎర్ర గీత గీస్తుంది, నట్టు మీద మొదలై అది ఎక్కే మూతి మీదికి పోయే ఒకే గీత. నట్టు వదులైతే గీత రెండుగా తెగిపోతుంది, దూరం నుంచి చూసినా తెలిసిపోతుంది. రంగుతో గీయడం నాన్న నేర్పాడు. గోళ్ళ రంగుకి మార్చింది మాత్రం ఆమె, దాని మూతకే కుంచె ఉంటుంది, ఆయిలుకి పోదు, పెట్రోలుకి పోదు, గోరుతో గీకినా ఒక పట్టాన రాదు. ఆమె గోళ్ళకి ఏనాడూ రంగు లేదు, సంచీలో సీసా మాత్రం ఎప్పుడూ ఉంటుంది. అన్నయ్య ఎంత వెక్కిరించేవాడో, కారుకి సింగారమా, బొట్టు కూడా పెట్టు అని. ఆఖరి నొక్కు నొక్కాకే గీత, నొక్కకుండా గీత లేదు, నిద్రలో లేపి అడిగినా ఆ వరస మారదు. ఈ నట్టు మీద గీత లేదు.

అయితే నిజమే, బిగించలేదన్నమాట, గీత లేదంటే నొక్కలేదనే కదా అర్థం. పొట్లం కాగితంతోనే మసి తుడిచింది, గట్టిగా, చర్మం ఊడేలా తుడిచినట్టు తుడిచింది. మసి కింద పసుపు తేలింది. ఇంకా తుడిచింది. పచ్చగా, మిలమిలా, ఇత్తడి. ఆమె ఇత్తడి పెట్టలేదు. ఆమె పెట్టినవి ఉక్కువి, నాలుగూ ఉక్కువి, ఆ పెట్టె మీది ముద్ర కూడా గుర్తుంది. అన్నయ్య పొద్దున ఇత్తడివి అన్నప్పుడే చెవికి తగలాల్సింది, కానీ అప్పుడు చెవుల నిండా ఆ తెలివితేటల మాటే ఉంది. ఇది ఏదో గ్యాసు గొట్టానిదో మరే పాత యంత్రానిదో, షెడ్డు డబ్బాలో దొర్లుతూ ఉండేది. అయితే ఆమె బిగించిన నట్టు ఎక్కడికి పోయింది? ఆ రోజు తిరిగొచ్చేసరికి కూలరు కాస్త కిందికి దిగినట్టు అనిపించింది కదా, జాలీకి తగులుతోందని దించి ఉంటారులే అనుకుంది కదా! దించాడు. దించితే గొట్టం పొడుగైంది. పొడుగైతే కొస కోశాడు, ఆమె ఫిట్టింగు దానితోపాటే పోయింది, చేతికందిన దీన్ని తొడిగి తిప్పేశాడు. ఆయిలు కోసం ఆమె అలా వీధి మలుపు తిరిగిందో లేదో. అయిదు నిమిషాల పని. ఆ తర్వాత ఈల వేశాడు.

ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది. స్టూలు మీంచి లేచింది, మళ్ళీ కూర్చుంది, మళ్ళీ లేచింది. బల్ల మీద నమూనాల పళ్ళెంలో ఉక్కు మూతులున్నాయి, కూలర్‌కి ఉన్నటువంటివే, అదే పరిమాణం. ఒకటి తీసి దాని మీదికి ఇత్తడి నట్టు తిప్పింది. ఎక్కింది. వేలితో తిప్పితే చాలు, సాఫీగా ఎక్కేసింది. మర ఒకటే మరి, చుట్ల లెక్క ఒకటే, ఎవడైనా మోసపోతాడు. తేడా ఉండేది లోపల, మూతి కొస కోను ఆకారంలో ఉంటుందే, దాని వాలులో. కూలర్ మూతికి ముప్పై ఏడు డిగ్రీల వాలు. ఆమె సంచీలోంచి సీసా తీసింది. మూతి కొస చుట్టూ ఎర్రరంగు పూసి, ఆరకముందే ఇత్తడి నట్టు ఎక్కించి, షాపాయన స్పానరు అడగకుండానే తీసుకుని బిగించింది. గట్టిగా ఆగింది. చేతికి బిగిసిందనే అనిపిస్తుంది, పదిమందిని బిగించమన్నా బిగిసిందనే చెబుతారు. విప్పి చూసింది. రంగు వెంట్రుక మందాన, ఒక్క గుండ్రటి గీతగా మాత్రమే అంటింది, మిగతా వాలంతా శుభ్రంగా ఉంది. ఇత్తడిది నలభై అయిదు. అంచు ఒక్కటే తాకుతుంది, వాలు మీద వాలు కూర్చోదు. చల్లగా ఉన్నంతసేపూ ఒక్క చుక్క కారదు. ఇంజను కాగాలి, వణకాలి, ఎత్తెక్కాలి, అప్పుడు కారడం మొదలవుతుంది, కారి కారి జారిపోతుంది.

అంటే ఎవరు ఎంత బిగించినా ఊడేదే. స్పానరు పెట్టినా ఊడేదే, ఏనుగు వచ్చి బిగించినా ఊడేదే. అన్నయ్యకి ఇప్పటికీ ఆ సంగతి తెలియదు, తొందరలో తాను సరిగ్గా బిగించలేదనే అనుకుంటున్నాడు, అందుకే మళ్ళీ ఇదే ముక్కని ఆమె చేతికే ఇచ్చి అచ్చం అలాంటివే రెండు తెమ్మన్నాడు! గీత సంగతి వాడికి గుర్తు కూడా రాలేదు. దొంగతనం చేసినవాడికైనా జాగ్రత్త ఉంటుంది, వాడికి అది కూడా అక్కర్లేకపోయింది, దాని గీతలు ఎవడు చూస్తాడులే అనుకున్నాడు. మసి పూసి మారేడుకాయ చేసి, ఆ కాయని ఆమె సంచీలోనే పెట్టి పంపాడు. ఆసుపత్రి వరండాలో భుజం మీద చెయ్యి వేసి పోన్లే పాపం అన్నాడే, ఆ చెయ్యి ఎంత బరువుగా ఉందో. ఆ రాత్రుళ్ళన్నీ పడుకుని నొక్కానా లేదా, నొక్కానా లేదా అని పైకప్పు చూసింది. నాన్న చేతికి రోజూ కట్టు మార్చింది ఆమే. పాత గుడ్డ తడిపి, అంటుకున్నచోట ఓపిగ్గా ఊదుతూ, నొప్పికి ఆయన పళ్ళు బిగిస్తే నా వల్లే, నా వల్లే అని లోపల్లోపల అనుకుంటూ. ఒకరోజు బయటికే అనేసింది, క్షమించు నాన్నా అని. నాన్న ఏమన్నాడు? తల నిమిరాడు. ఆ నిమిరినందుకు ఆ రోజంతా ఆమెకి గాల్లో తేలినట్టుంది. పడవల యార్డువాళ్ళు ఎన్నిసార్లు కబురు చేశారు, ఆయిలు గొట్టాల పనికి చెయ్యి తిరిగిన మనిషి కావాలి, వచ్చెయ్యమ్మా అని. నాన్న షెడ్డు ఎవరు చూస్తారని వెళ్ళలేదు. ఆ మంట తర్వాత మళ్ళీ కబురొస్తే, వెళ్ళకపోవడమే మంచిదైంది, వాళ్ళ పడవలు కూడా తగలబెట్టేదాన్ని అనుకుంది. తన చేతుల్ని తానే దొంగల్ని చూసినట్టు చూసుకుంది.

ఫోను మోగింది. అన్నయ్య.

“దొరికాయా? ఏంటే ఇంతసేపు? బండి మీద మిగతా పనంతా అయిపోయింది, రేపు పొద్దున్నే నాన్న తీస్తానంటున్నాడు, మళ్ళీ అదే ఎత్తు ఎక్కిస్తాడట.”

“నాన్నకివ్వు.”

“నాన్నకెందుకు? నాతో చెప్పు.”

“ఇవ్వన్నయ్యా.”

ఆ గొంతులో ఏముందో గానీ వాడు ఫోను పట్టుకుని కదిలాడు. అవతల గాలి కంప్రెషరు చప్పుడు, చెప్పుల చప్పుడు, కుర్చీ కిర్రుమన్న చప్పుడు.

“చెప్పమ్మా.”

“నాన్నా, ఆ రోజు ఊడిన నట్టు నా చేతిలో ఉంది. దీని మీద గీత లేదు.”

కంప్రెషరు చప్పుడు దూరమైంది, నాన్న ఫోను పట్టుకుని షెడ్డు బయటికి నడుస్తున్నాడని తెలుస్తోంది.

“వింటున్నావా? ఇది నేను పెట్టింది కాదు. ఇత్తడిది. నేను పెట్టింది ఉక్కుది.”

“తెలుసమ్మా.”

ఆమెకి ఆ మాట మొదట అర్థం కాలేదు. తెలుసు అంటే ఇప్పుడు నేను చెబితే తెలిసిందనా? “ఎప్పట్నుంచి తెలుసు?”

“ఆ రోజే. రోడ్డు మీదే చూశాను, గీత లేదు. సాయంత్రం వాడే వచ్చి ఒప్పుకున్నాడు, గొట్టం కోసి వేరేది తొడిగానని. మంచం పట్టుకుని ఏడ్చాడమ్మా.”

“నేనూ ఏడ్చాను నాన్నా. నీ చెయ్యి పట్టుకుని.”

“నన్ను అర్థం చేసుకో. ఆ పెద్ద సర్వీసు సెంటరువాళ్ళు వాణ్ణి పిలుస్తున్నారు. వాడు అప్పటికే ఒక కాలు బయట పెట్టి ఉన్నాడు. అందరిముందూ తప్పు వాడి మీద పడితే ఆ రోజే పోయేవాడు. వాడు పోతే షెడ్డు మూసుకోవడమే.”

“మరి నేను?”

“నువ్వెక్కడికి పోతావమ్మా,” అన్నాడు నాన్న. ఎంత ప్రేమగా అన్నాడంటే, చిన్నప్పుడు జ్వరమొస్తే నుదురు తాకి చూస్తూ మాట్లాడేవాడే, అచ్చం ఆ గొంతుతో.

ఆమె స్టూలు అంచు పట్టుకుంది. నువ్వెక్కడికి పోతావు. అయితే అన్నయ్య అబద్ధం ఒక్కరోజుది, నాన్నది రోజుకొకటి, కట్టు విప్పిన ప్రతిసారీ ఒకటి. తల నిమిరినప్పుడు తెలుసు. నేను క్షమించమన్నప్పుడు తెలుసు. పుండు మీద నేను ఊదుతుంటే, నా కళ్ళల్లోంచి కారేది ఆయన మోచేతి మీద పడుతుంటే, పైనుంచి చూస్తూ, తెలిసి, ఊరుకున్నాడు. పోయేవాడికి భయపడి, పోనిదాన్ని తాకట్టు పెట్టాడు. నరాలు మా అమ్మాయివట! మళ్ళీ ఇప్పుడు చూడు, ఎంత చక్కగా బిగించి పెట్టారో ఆమెని. కోపమొచ్చి లేచిపోతే, అన్నయ్య రేపు ఈ ఇత్తడివే పెడతాడు, నాన్న ఆ ఎత్తే ఎక్కిస్తాడు, ఈసారి లారీవాళ్ళు ఉంటారో ఉండరో. పోకుండా తిరిగి వెళ్తే, నాన్న అన్నదే నిజం, ఎక్కడికి పోతుంది. ఎటు తిప్పినా బిగుసుకునే మర. పగ తీర్చుకోవాలంటే కూడా ముందు వాళ్ళ ప్రాణం కాపాడాలి, ఇంతకన్నా వెట్టిచాకిరీ ఉంటుందా! గట్టిగా అరవాలనిపించింది, బల్ల మీది పళ్ళెం ఎత్తి నేలకేసి కొట్టాలనిపించింది. పళ్ళెంలో ఫిట్టింగులు ఏ పాపమూ ఎరగవు.

“లైన్లో ఉన్నావామ్మా?”

“ఉన్నా. చెప్పేది విను. ఇది బిగించకపోవడం వల్ల ఊడలేదు. వాలు వేరు దీనిది, ఎంత బిగించినా ఊడుతుంది. నీ కొడుక్కి ఆ మాట చెప్పు, వాడూ తెలుసుకుంటాడు. సరైనవి నేను చేసి పంపిస్తున్నా. బండి మీద రెండు నట్లు బిగించాలి. రెండూ నువ్వే బిగించు, వాణ్ణి ముట్టుకోనివ్వకు.”

“పంపించడమేంటి? నువ్వు తీసుకురావా?”

ఆమె ఫోను పెట్టేసింది.

షాపాయన నిచ్చెన దిగాడు, జుట్టు నిండా బూజు, చేతిలో చిన్న అట్టపెట్టె, మొహంలో విజయగర్వం. “ఇవిగోనమ్మా, మీ అన్నయ్య చెప్పినవే. ఊరంతా వెతికినా దొరకవు.”

“ఇవి వద్దు. ఉక్కువి కావాలి, ముప్పై ఏడు డిగ్రీల వాలువి, ఒకటి తిన్ననిది, ఒకటి మెడ వంచినది. ఉక్కు అల్లిక గొట్టం కూడా ఇవ్వండి.”

“మీ అన్నయ్య ఇత్తడివన్నాడే! ఓసారి ఆయన్నే అడిగి…”

“మా అన్నయ్య బండి నడపడు, నేనూ నడపను, నడిపేది మా నాన్న,” అని ఆమె ఎర్రరంగు అంటిన ఉక్కు మూతిని ఆయన కళ్ళ ముందు పెట్టింది. “ఆ గీత చూశారా? మీరు వెతికి తెచ్చినది తాకేది అంతే. కాగిన ఆయిలుని అంత సన్నటి గీత మీద నమ్మి మీవాళ్ళని ఎక్కిస్తారా?” ఆయన ముక్క అందుకుని, వెలుతురుకి పట్టి, తిప్పి తిప్పి చూశాడు. ఉక్కువి తీసిచ్చాడు. వాటిని కూడా ఆమె ఊరికే నమ్మలేదు, మళ్ళీ రంగు పూసి, ఎక్కించి, విప్పి చూసింది. ఈసారి రంగు వెడల్పుగా, వేలి మందాన చుట్టూ పరుచుకుంది. రంగు తుడిచేసి, మూలన బల్లకి బిగించి ఉన్న పట్టుకారులో గొట్టం పెట్టి, రంపంతో కొస తిన్నగా కోసింది. అల్లిక తీగలు చెదరకుండా కొస చుట్టూ టేపు చుట్టింది, లోపలికి రెండు చుక్కలు ఆయిలు వేసింది, ఫిట్టింగు తొడిగి తిప్పింది. కూలరు ఎంత దిగిందో ఆ రోజు చూసిన చూపులోనే ఆమె దగ్గర ఉంది, కొలత అడగాల్సిన పని లేదు. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. ఇన్ని నెలలు దూరంగా ఉన్నా అలగలేదు, వణకలేదు, ఏమీ మర్చిపోలేదు. నేనే మిమ్మల్ని అనుమానించాను అనుకుంది ఆమె, కళ్ళు మండాయి, తుడుచుకోలేదు. గొట్టం మీద తాను బిగించిన రెండు కొసలకీ రెండు ఎర్ర గీతలు గీసింది. కూలర్ మీదా ఇంజను మీదా బిగించాల్సిన నట్లు రెండింటినీ గీత లేకుండా వదిలేసింది.

షెడ్లకి సామాను చేరవేసే ట్రాలీ ఆటో వచ్చి బయట ఆగింది. ఆమె గొట్టాన్ని అట్టలో చుట్టింది, చివర్లో గోళ్ళ రంగు సీసా మూత గట్టిగా తిప్పి, అదీ లోపల పెట్టింది. పొట్లం ఆటో అబ్బాయి చేతికిచ్చి, “పెద్దాయనకే ఇవ్వు. ఆయన చేతికే. రెండు నట్లూ బిగించాక గీత కూడా ఆయన్నే గీసుకోమన్నానని చెప్పు,” అంది.

“మీరూ ఎక్కండక్కా, అటే కదా వెళ్ళేది.”

“నేను రావడం లేదు. పడవల యార్డుకి వెళ్ళే బస్సు ఎక్కడ ఆగుతుంది?”

అతను రోడ్డు అవతలికి చెయ్యి చూపించాడు. సంచీలో ఫోను మళ్ళీ మోగుతోంది, నాన్నో అన్నయ్యో, ఎవరైతేనేం. ఆమె రోడ్డు దాటి నిలబడింది. యార్డువాళ్ళకి ఇంకా మనిషి కావాలో వద్దో తెలియదు, కబురొచ్చి చాలా రోజులైంది. బొటనవేలికి అంటిన ఎర్రరంగు ఆరిపోయింది, కోపం మాత్రం ఇంకా ఆరలేదు. ఆరకముందే బస్సు వస్తే బాగుండుననుకుంది.